ఆకు కింది ఇనుము

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చాప పెద్దదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోడకు ఆనుకోండి, కాళ్లు చాపుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. నా ఈడువాళ్లయితే నేను చెప్పబోయే పట్టాలూ చెరుకు తోటలూ మీకు సగం తెలిసే ఉంటాయి. చిన్నవాళ్లయితే కాసేపు ఓపిక పట్టండి, చెబుతూ పోతుంటే అదే తెలుస్తుంది. అరవై ఏళ్లు నేను ఎవరికీ చెప్పని సంగతి ఇది. కట్టుకున్నాయనకు చెప్పలేదు, కన్న కొడుక్కి చెప్పలేదు. పోయిన నెల మా అక్కకు ఒక్కదానికి చెప్పాను. చెప్పిన తరువాత ఇంకొకటి తెలిసింది, అది తెలిశాక మాత్రం నా దగ్గరే దాచుకోవడం నా వల్ల కావడం లేదు.

ఇప్పుడు నేను ఉండేది నిజామాబాద్ టౌన్‌లో, కొడుకు ఇంట్లో. మనవరాలు తొమ్మిదో తరగతి. దానికి చదువు తలకెక్కాలంటే పైకి చదవాలి, పైకి చదివితే ఇల్లంతా చదివినట్టే, కాబట్టి మూడో తరగతితో బడి మానేసిన నాకు కూడా ఈ వయసులో నీటి ఆవిరి సంగతీ, ఆకుల్లో పచ్చదనం సంగతీ ఎంతో కొంత చెవిన పడుతూనే ఉంటాయి. పోయిన నెల ఒక రోజు పొద్దున నేను చిక్కుడుకాయలు గిల్లుతూ కూర్చుంటే, అది ద్రవ్యరాశి అనే పాఠం చదువుతోంది. ఒక వస్తువును చంద్రుడి మీదికి తీసుకుపోతే దాని భారం తగ్గుతుందట గానీ ద్రవ్యరాశి మాత్రం ఎక్కడికి తీసుకుపోయినా అంతే ఉంటుందట. బరువు తగ్గాక ఇక మిగిలేదేమిటే అని అడిగాను ఊరికే, నోరు ఊరుకోక.

దానికి ఎవరైనా అడిగితే చాలు. వంటింట్లోంచి ఒకే తీరుగా ఉన్న రెండు స్టీలు డబ్బాలు తెచ్చింది, ఒకదాంట్లో పేలాలు పోసింది, ఒకదాంట్లో గల్లుప్పు నింపింది, మూతలు బిగించి, నన్ను అటు తిరగమని, ఉయ్యాల కట్టే కొండీలకు రెండింటినీ తాళ్లతో వేలాడదీసింది.

"ఎత్తుడు లేదు నాయినమ్మా. పక్కకెంచి ఒక్క వేలుతోని తోసి చెప్పు, ఉప్పు దేంట్లున్నదో."

మొదటిది ముట్టుకున్నానో లేదో తలుపు దాకా ఎగిరిపోయింది. రెండోదాన్ని తోశాను. అది వెంటనే కదల్లేదు. ఒక్క క్షణం నా వేలిని అక్కడే నిలబెట్టి, నన్నే తోస్తున్నట్టుగా ఉండి, ఆ తరువాత ఏదో తనంతట తాను ఒప్పుకున్నట్టు మెల్లగా పోయింది. పోయి మళ్లీ మెల్లగా నా వైపు వచ్చింది. ఆపుదామని అరచెయ్యి చాపాను. అంతే, నాకు ఏమయిందో తెలియదు, నిప్పు అంటినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాను. డబ్బా పోయి అలమారకు గుద్దుకుంది.

"గింత డబ్బకు గంత భయమా?" అని మనవరాలు పడీ పడీ నవ్వింది. నవ్వి, పుస్తకంలో మాటలు వదిలేసి తన మాటల్లో చెప్పింది. "కదులుమంటె మొండికేస్తది, కదిలినంక ఆగుమంటె గూడ మొండికేస్తది. గా మొండితనం ఎంతుంటె ద్రవ్యరాశి గంతున్నట్టు. సమజైందా?"

సమజైందే బిడ్డా అన్నాను. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి దొడ్లోకి పోయి కూర్చున్నాను. ఆ పాఠం నేను పదమూడేళ్లప్పుడే నేర్చుకున్నాను, ఈ రెండు అరచేతులతో.

బోధన్ అవతల మా ఊరి పక్కన ఒక పెద్ద రైతుకు చెరుకు తోట ఉండేది. కోత మొదలైతే మా ఇంట్లో నలుగురమూ అక్కడే, బాపు, అవ్వ, అక్క, నేను. ఆ తోటలోకి ఎడ్లబండ్లు దిగితే చక్రాలు నల్లరేగడిలో కూరుకుపోయేవి కాబట్టి, ఆ రైతు ఎక్కడినుంచో పాత ఇనుప పట్టాలు తెప్పించి, తోట నడుమ నుంచి రోడ్డు దాకా పరిపించాడు. పట్టాలంటే పెద్ద రైలు పట్టాలు అనుకునేరు, నా గుప్పెడంత ఎత్తు ఉండేవి. వాటి మీద ఇంజన్ లేదు, ఏమీ లేదు, నాలుగు ఇనుప చక్రాల మీద చెక్క పెట్టెలాంటి బండి, దాన్ని మేము డబ్బా అనేవాళ్లం, మనుషులే తోసుకుంటూ పోవాలి. కోత ఎటు జరిగితే పట్టాలు అటు జరగాలి. మనిషి బారెడు ముక్కలుగా ఉండేవి, విప్పడం, మోయడం, మళ్లీ బిగించడం మా బాపు పని. ఆ ఇనుమును బాపు పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకు ఆనించుకుని ఎత్తేవాడు.

డబ్బాలో పోయేవి రెండే. ఒకటి చెరుకు గడ, ఇంకొకటి కొసలు కొట్టిన ఆకు, రోడ్డు మీద బండ్ల దగ్గర కట్టేసిన ఎడ్లకు మేతగా. గడ నింపిన డబ్బా వస్తోందంటే అవతలి కొసన ఇద్దరు మగవాళ్లు చక్రం కింద దుంగ వేసి ఆపాలి. ఆకు డబ్బాకు అంత హంగామా లేదు, చూడ్డానికి కొండంత ఉంటుంది గానీ ఒక ఆడపిల్ల ముందు పలకకు చెయ్యి ఆనించి, నడుము వాల్చి, రెండడుగులు వెనక్కి నడిస్తే నిలబడిపోతుంది. ఆ పని మా అక్కది. అక్కకు అప్పుడు పదిహేడేళ్లు. కుడి చేతిలో కొడవలి పట్టుకునే ఉండి, ఎడమ చేత్తో డబ్బాను ఆపి, మళ్లీ తన పనిలో తాను పడేది, దారిన పోయే దూడను నిమిరి పంపినట్టుగా.

నడుమ చెరుకు నిలువెత్తుకు ఉంటుంది, పట్టాలు ఒకచోట వంపు తిరుగుతాయి, అందుకని తోసుకొచ్చేవాళ్లు వంపు దగ్గరే అరిచి చెప్పాలని అక్కడ అందరికీ ఒక కట్టుబాటు. "గడా...!" అని గానీ, "ఆకూ...!" అని గానీ. ఆ అరుపును బట్టి అవతల మగవాళ్లు లేచేవాళ్లు, లేదా అక్క ఒక్కతే వచ్చేది. ముసలివాళ్లు కూడా తప్పకుండా అరిచేవాళ్లు. నాకయితే ఆ అరుపే ఒక ఆట. ఎంత దీర్ఘం తీస్తే అంత దూరం పోతుందని కడుపులోంచి అరిచేదాన్ని. "దీనికి కూలి తోసినందుకు కాదు, ఒర్రినందుకు ఇయ్యాలె" అని అవ్వ అందరి ముందూ పరువు తీసేది.

ఆ రోజు ఎండ బాగా ముదిరింది. పొద్దున బాపు కోత అయిపోయిన మడిలో పట్టాలు విప్పి, ఆ ఇనుప ముక్కలన్నీ ఒక డబ్బాలో పేర్చాడు, రోడ్డు వైపు కొత్త మడిలో వెయ్యడానికి. ఎండకు ఇనుము కాలిపోతుంది, అవతల దించుకునేటప్పుడు చేతులు బొబ్బలెక్కుతాయని, ఆ ముక్కల మీద పచ్చి చెరుకాకు మందంగా కప్పాడు. కప్పి, మంచినీళ్లకని బావి వైపు పోయాడు. నేను వచ్చేసరికి నా కళ్లకు కనబడింది నిండుగా ఆకు ఉన్న ఒక డబ్బా. నాతోపాటు తోసే పిల్ల ఇంకా సద్ది తినడం కాలేదు. ఆకేగా, నేనొక్కదాన్ని చాలనుకున్నాను.

ఇక్కడ మీరు కొంచెం జాగ్రత్తగా వినాలి.

రెండు అరచేతులూ పెట్టి తోశాను. కదల్లేదు. ఆకు డబ్బా అయితే ఆ తోపుకు పోతూ ఉండాల్సింది. వెనక్కి తిరిగి, వీపు ఆనించి, మడమలు మట్టిలో తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి మళ్లీ తోశాను. అప్పుడు కూడా అది కొంతసేపు నా మాట వినలేదు. తరువాత గోరంత కదిలింది, వేలంత కదిలింది, ఇక ఆ తరువాత ఎంత సులువుగా పోయిందో చెప్పలేను. నూనె వెయ్యక చక్రం పట్టేసి ఉంటుంది, ఇప్పుడు వదిలింది అనుకున్నాను. ఒక్క చేత్తో నడిపించాను. వంపు దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్లు ఆనించి పక్కన నడుస్తున్నాను, అది తనంతట తనే వస్తోంది. ఇంత తేలిగ్గా పోయేదాంట్లో బరువుందని ఎవరనుకుంటారు? కానీ నిజం చెప్పాలంటే నా అరచేతులు అనుకున్నాయి. మొదటి తోపులోనే అవి నాకు చెప్పాయి, ఇది ఆకు కాదని. నేనే వినలేదు. వంపు తిరగగానే గొంతెత్తి "ఆకూ...!" అని అరిచాను.

సరిగ్గా అప్పుడే మిల్లు భోంగా మొదలైంది. భోంగా అంటే కూత, దూరాన ఉన్న చక్కెర మిల్లులో పగటి పన్నెండు గంటలకు మోగేది, మా ఊళ్లన్నిటికీ అదే గడియారం. అది మోగుతుండగా అక్క చెరుకులోంచి పట్టాల దగ్గరికి వచ్చింది, అలవాటుగా ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

అది ఎంత మెల్లగా పోయిందో! అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఏ ముసలమ్మ అయినా దానికంటే వేగంగా నడుస్తుంది. అక్క చెయ్యి ఆనించింది, నడుము వాల్చింది, రెండడుగులు వెనక్కి వేసింది, మూడో అడుగు, నాలుగో అడుగు. అక్క మొహంలో ఏదో మారింది. నేను వెనకనుంచి పలక పట్టుకుని రెండు చేతులా లాగాను. అది నన్ను కూడా ఈడ్చుకుపోయింది, నా మడమలు మట్టిలో రెండు చాళ్లు గీసుకుంటూ పోయాయి. అక్క ముందర తోస్తోంది, నేను వెనక లాగుతున్నాను, నడుమ ఆ డబ్బా మా ఇద్దరినీ ఏమాత్రం పట్టించుకోకుండా తన నడక తాను నడుస్తోంది. దానికి కోపం లేదు, తొందర లేదు. పట్టాల కొసన అడ్డంగా ఒక తుమ్మ దిమ్మె పాతి ఉండేది. డబ్బా పోయి ఆ దిమ్మెకు ఆనుకుంది. నడుమ అక్క చెయ్యి ఉంది.

అక్క అరిచిందో లేదో నాకు తెలియదు. భోంగా ఇంకా మోగుతూనే ఉంది.

బండి మీద బోధన్, అక్కడినుంచి బస్సులో నిజామాబాద్ ఆస్పత్రి. ముంజేతి పైదాకా తీసేశారు. అక్క ఇంటికి వచ్చాక చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ బాపు గడప దగ్గరే ఎదురుపోయి ఒకటే చెప్పేవాడు. "నేనే ఆకు కప్పిన. చేతులు కాలుతయని నేనే కప్పిన." అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. తినడం మానేశాడు. కంచం ముందు పెడితే ఆకు ముక్కలేవో ఏరుతున్నట్టు మెతుకులు పక్కకు జరిపి లేచేవాడు. నేను తలుపు చాటున నిలబడి అదంతా చూసేదాన్ని. బాపు ఒక్కడిదే కాదు తప్పు, నాకు తోసేటప్పుడే తెలిసింది, తెలిసి కూడా ఆకు అని అరిచాను అని ఒక్క మాట చెబితే, ఆ మనిషికి సగమన్నా తగ్గేది. ఎవరూ నన్ను అడగలేదు. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది అనుకున్నారు. అడగలేదు గదా అని నేనూ చెప్పలేదు.

కొన్నాళ్లకు బాపు ఆ మాట చెప్పడం మానేశాడు. తినడం కూడా మొదలుపెట్టాడు. చెప్పీ చెప్పీ అలసిపోయాడేమో అనుకున్నాను. అప్పటినుంచి మాత్రం ఒకటి గమనించాను. నేను బిందె ఎత్తినా, మోపు ఎత్తినా, ఎక్కడ ఉన్నాడో ఏమో, వచ్చి అవతలి వైపు ఒక చెయ్యి వేసేవాడు. ఏమీ అనేవాడు కాదు. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టి, నేను పుట్టింటికి పోయినప్పుడు కూడా, నా చేతిలో సంచి కనబడితే లేచి వచ్చి ఒక చెవి తాను పట్టుకునేవాడు. చివరికి మంచంలో పడ్డాక, ఒకనాడు నా రెండు చేతులూ దగ్గరికి తీసుకుని, అరచేతులు పైకి తిప్పి, చాలాసేపు చూశాడు.

"నీ చేతులు మంచియే బిడ్డా. వీటిల్ల ఏం లేదు" అన్నాడు.

అక్క చెయ్యి గుర్తొచ్చి అలా అంటున్నాడనుకున్నాను. అవునన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ పూట కూడా చెప్పలేదు.

అక్కను రెంజల్ వైపు ఇచ్చారు. బావ మంచివాడు. అక్క ముగ్గురిని కని పెంచింది, నాట్లు వేసింది, పసుపు తవ్వింది, ఒంటి చేత్తో చెయ్యని పని లేదు. జొన్నరొట్టె కూడా ఒంటి చేత్తోనే చేసేది. మొండి చేతిని పిండి అంచుకు ఆనించి తిప్పుతూ, కుడి చేత్తో తట్టేది. జొన్నరొట్టె చేసే చప్పుడు మీరందరూ ఎరిగిందే, రెండు చేతులూ కలిసి చేసే ఆ చప్పుడు ఏ ఇంట్లో విన్నా ఒకటే. అక్క ఇంట్లో మాత్రం అందులో సగమే వినబడేది. ఒకటి తట్టు, ఒకటి ఖాళీ. అక్క రొట్టెలకు కూర్చుంటే నేను ఏదో ఒక వంక పెట్టుకుని వాకిట్లోకి పోయేదాన్ని. ఆ ఖాళీ అక్కడికి కూడా వినబడేది.

నాకూ ఒక అలవాటు అయింది. ఏదైనా ఎత్తేముందు దాన్ని అరచేత్తో పక్కకు ఒకసారి తోసి చూస్తాను. బియ్యం బస్తా, సిలిండరు, ఆఖరికి మనవరాలు బడి సంచి కూడా. "అత్తమ్మ ముందు బస్తాను పలకరిస్తది, పలికినంకనే ముడ్తది" అని కోడలు నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కానీ ఎప్పుడన్నా పగటి పూట తలుపుకు ఆనుకుని నిలబడ్డప్పుడు, ఆ తలుపు నన్ను మెల్లగా, చాలా మెల్లగా, తోస్తున్నట్టు ఉంటుంది. తిరిగి చూస్తే గొళ్లెం వేసే ఉంటుంది.

అందుకే ఆ ఉప్పు డబ్బా నా అరచేతి మీదికి వచ్చిన మర్నాడు, ఎవరికీ కారణం చెప్పకుండా బస్సెక్కాను. బోధన్‌లో దిగి రెంజల్ బస్సు మారాను. దారిలో అటు వరి, ఇటు పసుపు ఉడకబెట్టే పొగలు, మా తోట ఉండిన చోట ఏవో ప్లాట్ల రాళ్లు. పగలు పన్నెండయింది. చెవి నిక్కబొడుచుకుని కూర్చున్నానుగానీ భోంగా మోగలేదు. మిల్లు మూతపడి ఏళ్లయిందని నాకు తెలియక కాదు.

అక్క వాకిట్లో పొయ్యి ముట్టిస్తోంది. డెబ్బై ఏడేళ్ల మనిషి, చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. "ఫోన్ గీన్ లేకుంట వచ్చినవ్, ఎవరన్న పోయిండ్రా ఏంది?" అంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పాను.

"అక్కా, గా దినం డబ్బ తోసేటప్పుడే నాకు ఎరికైంది, బరువున్నదని. ఆకు కాదని నా చేతులకు తెల్సింది. అయినా ఆకు అని ఒర్రిన. నువ్వు నా మాట నమ్మి చెయ్యి వెట్టినవ్."

అక్క కట్టె పుల్ల కిందపెట్టి నా వైపు చూసింది. తరువాత నవ్వింది.

"ఓ పిచ్చిదానా! నువ్వు ఒర్రింది నాకేడ ఇనవడ్డది? భోంగ మోగవట్టె. నువ్వు నోరు తెరుసుడు కనవడ్డది, గంతె. నేను ఆకు జూసి చెయ్యి వెట్టిన."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. అరవై ఏళ్లుగా నేను మోస్తున్న ఆ అరుపు ఎవరికీ వినబడనే లేదు. ఒక్క నిమిషం, ఒట్టేసి చెబుతున్నాను, గాలిలో తేలినట్టే ఉంది. తరువాత మెల్లగా అర్థమైంది. అయితే నిజంగానే బాపు కప్పిన ఆకే. ఆ మనిషి గడప దగ్గర నిలబడి చెప్పినదే నిజం. ఆ మాటే పైకి అన్నాను. అక్క నవ్వు ఆగిపోయింది. కింద పెట్టిన కట్టె పుల్ల తీసి పొయ్యిలోకి తోసింది.

"నేను ఒకటి జేసిన చెల్లె," అంది. "బాపు తిండి బంద్ వెట్టిండు, యాదికున్నదా? ఒకనాడు నా మంచం కాడ కూసోని అడిగిండు. ఆకు జూసి చెయ్యి వెట్టినవా బిడ్డా, నిజం చెప్పుమన్నడు. అవునంటె ఆయన బతుకడని నాకు కొట్టినట్టు తెల్సిపోయింది. లేదు బాపు, చెల్లె ఆకు అని ఒర్రింది, గది ఇని వెట్టిన అన్న. గా పూట అన్నం తిన్నడు."

అక్క మొండి చేతి మీదికి కొంగు లాక్కుంది.

"నిన్ను ఒక్క మాట అనద్దని ఒట్టు వెట్టించుకున్న. గది మెత్తటి పోరి, మనసు మీదికి తీస్కుంటది, దానికి తెల్వద్దు అన్న. నిన్ను అడగకుంట నీ మీద ఏసిన. నువ్వు ఏమని ఒర్రినవో గూడ నాకు తెల్వకపాయె. గిన్నేండ్లు నువ్వు వచ్చినప్పుడల్ల చెప్దామనుకుంట. నేను రొట్టెలకు కూసోంగనే నువ్వు బయటికి పోతవ్."

అప్పుడు నాకు బాపు కనబడ్డాడు. బిందె అవతలి వైపు పడ్డ ఆ చెయ్యి, సంచి రెండో చెవి పట్టుకున్న ఆ వేళ్లు, మంచంలో నా అరచేతులు తిప్పి చూసిన ఆ చూపు. వీటిల్ల ఏం లేదు బిడ్డా అన్నాడు. తన పెద్దబిడ్డ చెయ్యి పోవడానికి నా అరుపే కారణమని నమ్మి, నమ్మి కూడా ఒక్క మాట అనకుండా, నా వెంట అన్నేళ్లు నడిచాడు. నేనేమో నా మౌనం వల్ల బాపు మోస్తున్నాడనుకుని మోశాను, బాపు నా కోసమని మోశాడు, బాపు కోసం ఆడిన అబద్ధాన్ని అక్క మోసింది. ఒకే ఇంట్లో, ఒకరికొకరం చెప్పకుండా, ముగ్గురమూ అదే డబ్బాను ముందర ఒకరం, వెనక ఒకరం, పక్కన ఒకరం పట్టుకునే ఉన్నాం.

"ఇగ నువ్వు నన్ను మాఫ్ జెయ్యాల్నా, నేను నిన్ను జెయ్యాల్నా, కడుపులకు ఇంత తిన్నంక చూద్దాం. పిండి కలుపు" అంది అక్క.

ఆ రోజు నేను వాకిట్లోకి పోలేదు. అక్క పక్కన కూర్చుని నా ఎడమ చెయ్యి పిండి అంచుకు ఆనించాను, అక్క కుడి చేత్తో తట్టింది. నేను తిప్పితే తాను తట్టదు, తాను తడితే నేను తిప్పను. రొట్టె వంకర పోయింది, ఒక మూల చిరిగింది. "గీ రొట్టె ఎడ్లు గూడ ముట్టయ్" అని అక్క తిడుతూనే ఉంది. నాలుగో రొట్టెకు ఇద్దరి చేతులూ కుదిరాయి. ఆ చప్పుడు వచ్చింది, నిండుగా, ఎక్కడా ఖాళీ లేకుండా. ఆ రొట్టె మాడింది కూడా, ఎవరమూ తిప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మనవరాలి పాఠం గుర్తొచ్చింది. అక్కకు చెప్పుకున్నాక బరువు తగ్గిన మాట నిజమే, అబద్ధం చెప్పను, ఛాతీ మీద నుంచి ఎవరో లేచి పోయినట్టే ఉంది. కానీ బరువు తగ్గాక కూడా అంతే మిగిలి ఉండేది ఒకటి ఉంటుందని ఆ పుస్తకం రాసినవాళ్లకు ఎలా తెలిసిందో గానీ, అది నిజం. పోయిన బాపుకు ఇక ఎవరు చెబుతారు? నీ చిన్నబిడ్డ అరుపు ఎవరికీ వినబడలేదని చెబితే, ఆయన మళ్లీ గడప దగ్గరికి పోయి తన ఆకు సంగతి చెప్పడం మొదలుపెడతాడు. చెప్పకపోతే నా అరుపు అక్కడే ఉంటుంది. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి మార్చినా అది అంతే ఉంటుంది, చంద్రుడి మీదికి తీసుకుపోయినా అంతే. ఇప్పటికీ తలుపుకు ఆనుకుంటే ఒక్కోసారి అది నన్ను మెల్లగా తోస్తుంది. ఇప్పుడు నేనూ చెయ్యి ఆనించి నిలబడుతున్నాను, లాక్కోవడం లేదు. అంతే తేడా.

ఆ పట్టాలు ఎప్పుడో పోయాయి. ఆ ఇనుప ముక్కలు ఎవరి కొట్టానికి గుంజలయ్యాయో, ఏ పాత సామాన్ల దుకాణంలో తూకానికి పోయాయో తెలియదు. ఇప్పుడంతా ట్రాక్టర్లు, లారీలు, ఒక్క మీట నొక్కితే ఆగుతాయి, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు, మంచిదే. అయితే ఆ రోజుల్లో మా తోటలో ఎంత పేద మనిషయినా వంపు దగ్గరికి రాగానే తాను తెచ్చేదాంట్లో ఏముందో అరిచి చెప్పేవాడు, అవతలి మనిషి దానికి తగ్గట్టు సిద్ధంగా ఉండేవాడు. ఇప్పుడు మనుషులు ఇంటికి వస్తారు, పోతారు, టీ తాగుతారు, అందరి మీదా పచ్చటి ఆకే కనబడుతుంది. అవతలివాళ్ల లోపల ఏముందో అడిగే తీరిక మనకు లేదు, అరిచి చెప్పే అలవాటు వాళ్లకు లేదు. నేనేదో పెద్ద చెప్పొచ్చానని కాదు, అరవై ఏళ్లు చెప్పకుండా కూర్చున్నదాన్ని నేనే గదా.

ఇక లేవండి, మీ ఇళ్లల్లో పనులుంటాయి. మీ పొయ్యి మీద రొట్టె చప్పుడు ఎప్పుడూ నిండుగా వినబడాలి. మీ పిల్లల అరచేతులు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరు ఏది ఎత్తినా, పిలవకుండానే అవతలి వైపు ఇంకొక చెయ్యి పడాలి, పడ్డ చెయ్యి ఎందుకు పడిందో ఆ పూటే చెప్పుకునేంత చనువు మీ గడప లోపల ఉండాలి. పోయి రండి, సల్లంగ ఉండండి.